పురుగు మోసుకొచ్చిన పేరు

పళ్ళ మేస్త్రికి ఒక జబ్బుంది. ఏ వస్తువైనా ఎలా పనిచేస్తుందో తెలియకపోతే ఆయనకు నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ళను పట్టనివ్వడు. కొత్త ఇస్త్రీపెట్టెను కొన్నరోజే విప్పి బల్ల మీద పరిచి భార్య చేత చీవాట్లు తిన్న మనిషి. ఆయన వృత్తి కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టర్లు నోటి కొలతలూ ఫోటోలూ పంపిస్తారు, ఆయన వెనక గదిలో కూర్చుని మైనంతోనూ పింగాణీతోనూ పళ్ళు చేసి పంపిస్తాడు. ఊళ్ళో ఎంతమంది నవ్వులు తన బల్ల మీద పుట్టాయో ఆ నవ్వేవాళ్ళకే తెలియదు. తెలియకపోవడమే ఈ పనికి మెచ్చుకోలని ఆయన నమ్మకం.

ఆ పని నేర్పింది ఆయన అక్క. ఒకే కిటికీ కింద, ఒకే బల్లకు ఆ చివర ఆమె, ఈ చివర ఈయన కూర్చునేవారు. ఒకసారి ఒక ముసలాయన ముందుపన్ను దగ్గర మాట తేడా వచ్చింది. పక్క పళ్ళు పసుపు తేలాయి కాబట్టి కొత్తదీ అలాగే ఉండాలని అక్క. కొత్త పన్నంటూ పెట్టించుకుంటున్నాక కాస్త తెల్లగా ఉంటే పోయేదేముందని తమ్ముడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. చివరికి తమ్ముడు చేసిన పని ఏమిటంటే, అక్క చేసిన పన్నును పక్కన పెట్టి, ఆమెతో ఒక్క మాట చెప్పకుండా, తాను చేసిన తెల్ల పన్నును పంపేశాడు. చిలికి చిలికి గాలివాన అయింది. అక్క తన మైనం కత్తులు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయి, వంతెన అవతల వేరే దుకాణం పెట్టుకుంది. "ఒక్క పన్ను కోసం తోబుట్టువును పోగొట్టుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను" అని ఆయన భార్య సందు దొరికినప్పుడల్లా అంటూనే ఉంటుంది. ఆయన వినపడనట్టు భూతద్దం తుడుచుకుంటాడు.

ఇన్నేళ్ళ తర్వాత, ఆ పొద్దున, అక్క పేరుతో మెయిల్ వచ్చింది.

"నువ్వడిగిన ఫోటో పంపిస్తున్నా. చూసి చెప్పు." అంతే ఉంది. కింద ఒక ఫోటో గుర్తు.

మేస్త్రి దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. తానేమీ అడగలేదు. అడిగే మొహమే ఉంటే ఏనాడో వంతెన దాటి వెళ్ళేవాడు. అయితే ఆశపడ్డ మనసు అన్నిటికీ సర్దుబాటు చెప్పుకుంటుంది. అక్కకు ఏదో పన్ను రంగు తేల్చుకోవడం కష్టమై ఉంటుంది, నేరుగా అడగడం ఇష్టంలేక ఇలా రాసిందనుకున్నాడు. ఎంతైనా అక్క కదా, ముందు తనే తగ్గిందనుకుని కళ్ళు తడి చేసుకున్నాడు కూడా.

పైగా ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది, అదీ అక్క పెట్టిందే. వచ్చిన మెయిల్ వచ్చినట్టు తెరవాలి. ప్రతి మెయిల్ వెనకా ఎక్కడో ఒకరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చుని ఉంటారు, వాళ్ళను ఆగమనకూడదు అనేది ఆమె. డాక్టర్లు పంపే నోటి స్కాన్లు మామూలు ఫైళ్ళలా ఉండవు. వాటిని చూస్తే చాలు కంప్యూటర్లోని యాంటీవైరస్ గుడ్లురిమి ఆపేసేది. విసిగిపోయి మేస్త్రి దాని నోరే నొక్కేశాడు. పళ్ళు చేసేవాళ్ళలో చాలామంది చేసే పనే అది.

ఫోటో మీద నొక్కాడు. తెర మీద నల్లగా ఏదో మెరిసి మాయమైంది. ఫోటో రాలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మెరుపు. పగబట్టినట్టు నొక్కుతూనే ఉన్నాడు. "అక్కా, ఫోటో తెరుచుకోలేదు" అని జవాబు రాసి, చదువుకుని, చెరిపేశాడు. రాయక రాయక రాసిన మొదటి మాట ఇదా అనిపించింది. మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని మంచిమాట రాద్దామని పనిలో పడ్డాడు.

మంచిమాట రాసే తీరిక దేవుడెరుగు, ఇంతలోనే ఫోన్ మోగడం మొదలైంది.

"మేస్త్రిగారూ, మీరు పంపిన ఫోటో తెరుచుకోవట్లేదండీ" అంది ఒక డాక్టరమ్మ.

"నేనేం ఫోటో పంపలేదే తల్లీ."

"నేనడిగానని రాశారు కదండీ. చూసి చెప్పమన్నారు."

ఆమె ఫోన్ పెట్టగానే మరొకరు, ఆ వెనకాల ఇంకొకరు. చివరికి పెద్ద డాక్టర్, ఆ చుట్టుపక్కల పళ్ళ డాక్టర్లందరికీ గురువులాంటాయన, స్వయంగా ఫోన్ చేశాడు. "ఏమయ్యా మేస్త్రీ, నన్ను 'నువ్వు' అనేంతవాడివయ్యావా? 'చూసి చెప్పు' ఏమిటి, నేనేమైనా నీ కింద పనిచేస్తున్నానా?"

మేస్త్రి ఆయన కాళ్ళ మీద పడ్డంత పనిచేసి ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక అలాగే నిలబడిపోయాడు. నువ్వడిగిన ఫోటో. చూసి చెప్పు. పొద్దున తనకు వచ్చిన మాటలే తన పేరుతో అందరికీ వెళ్ళాయి.

ఇక ఆలస్యం చేయకుండా బావమరిదికి ఫోన్ చేశాడు. భార్య తమ్ముడు కాలేజీలో కంప్యూటర్ల బాగోగులు చూస్తాడు. కంప్యూటర్లకు పట్టిన పీడలు వదిలిస్తాడు కాబట్టి అక్కడ అతన్ని భూతవైద్యుడంటారు. అతను వస్తూనే పలకరింపులు కూడా లేకుండా, కంప్యూటర్ వెనక నుంచి ఇంటర్నెట్ తీగ పీకేశాడు.

"ముందు దాని కాళ్ళు విరగ్గొట్టాలి బావా. తీగ ఉన్నంతసేపూ అది ఊళ్ళు తిరుగుతూనే ఉంటుంది."

"ఏదిరా అది?"

"పురుగు. మీ పళ్ళకు పట్టినట్టే దీనికీ పట్టింది."

"పళ్ళకు పురుగు పట్టదురా. అది జనం మాట. ఎన్ని పుచ్చుపళ్ళు కోసి చూశానో, ఒక్కదాంట్లోనూ పురుగు కనపడలేదు."

"దీంట్లోనూ కనపడదులే. ఎవడో రాసిపెట్టిన ప్రోగ్రాం ఇది. మనం తెరిచేదాకా చచ్చినట్టు పడి ఉంటుంది. తెరిచామా, లేచి కూర్చుంటుంది. నువ్వు తెరిచావు కదూ?"

"ఒకసారి" అన్నాడు మేస్త్రి.

బావమరిది ఆయన మొహంలోకి చూశాడు.

"చాలాసార్లు" అన్నాడు మేస్త్రి.

"ఎవరు పంపారు?"

మేస్త్రి చెప్పాడు. ఆ పేరు వినగానే బావమరిది మొహంలో వేళాకోళం పోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, మెత్తగా, "మీ అక్కయ్య పంపలేదు బావా" అన్నాడు. "ఆవిడ మిషన్‌కీ ఇదే జబ్బు. నీ పేరుతో డాక్టర్లకు వెళ్ళినట్టే, ఆవిడ పేరుతో నీకు వచ్చింది. పాపం ఆవిడకు తెలిసి కూడా ఉండదు."

పొద్దున్నుంచీ మేస్త్రి లోపల వెచ్చగా దాచుకున్నది కాస్తా చల్లారిపోయింది. పురుగు రాసిన మాటకు చిన్నపిల్లాడిలా కళ్ళు తడి చేసుకున్నానా అని తన మీద తనకే రోత కలిగింది. వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. అయితే పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వచ్చి కూర్చున్న కాసేపటికే బావమరిది భుజం మీదుగా తెరలోకి తొంగిచూడటం మొదలుపెట్టాడు.

"ఫోటో గుర్తు ఉంది కదరా, మరి ఫోటో ఎందుకు కాదు?"

"పేరుకు తోక ఉంటుంది బావా. ఫోటోలకు ఒక తోక, పనిచేసే ప్రోగ్రాములకు ఒక తోక. చూడ్డానికి బాగుండదని కంప్యూటర్ తోకలు దాచిపెడుతుంది. ఇదిగో, దాచొద్దని చెబుతున్నా. చూడు."

ఫోటో పేరు చివర, ఇంతదాకా కనిపించని మూడక్షరాలు బయటపడ్డాయి. ఫోటోకు ఉండాల్సినవి కావవి. మేస్త్రి భూతద్దం తీసి మరీ చూశాడు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. తాను పింగాణీ ముక్కను పన్నని నమ్మించే మనిషి. తననే ఎవడో ప్రోగ్రాం ముక్కను ఫోటో అని నమ్మించాడు.

"అయితే దీన్ని చెరిపెయ్."

"చెరుపుతా, చూస్తూ ఉండు." బావమరిది చెరిపాడు. ఫైలు పోయింది. మేస్త్రి ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ వచ్చి అక్కడే కూర్చుంది.

"అరె!" అన్నాడు మేస్త్రి. ఆ గొంతులో బాధ కంటే సరదా ఎక్కువగా ఉంది. "మళ్ళీ చెరుపు."

"ఎన్నిసార్లైనా వస్తుంది. నువ్వు చూసేది దాని కాపీ. అసలుది లోపల పనిచేస్తూ, దీన్ని కనిపెట్టుకుని ఉంది. ఇది పోగానే ఇంకోటి పెడుతుంది. మిషన్ ఆపి మళ్ళీ వెయ్, అయినా లేస్తుంది. పొద్దున మిషన్ లేవగానే నన్నూ లేపమని ఒకచోట రాసిపెట్టుకుంది."

"పుచ్చు తియ్యకుండా పైన తొడుగు వేసినట్టు" అన్నాడు మేస్త్రి. "లోపల పుచ్చుతూనే ఉంటుంది."

"అంతే. అందుకే దీన్ని దీని ఇంట్లో చంపలేం. బయట నుంచి రావాలి."

జేబులోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు. దాన్లో ఉన్న శుభ్రమైన వ్యవస్థతో కంప్యూటర్‌ను లేపాడు. మిషన్ లేచింది, పురుగు లేవలేదు. లేపేవాళ్ళు లేక గుడ్డిదై పడి ఉంది. అప్పుడు యాంటీవైరస్‌ను వదిలితే అది మూలమూలా తిరిగి, దాని కాపీలను వెతికి తీసింది, పొద్దున్నే లేపమన్న ఆ రాతనూ తుడిచేసింది. పక్కగదిలో పళ్ళు చెక్కే మిషన్‌కు ఇంకో కంప్యూటర్ ఉంది. రెండింటికీ స్కాన్లు పెట్టుకునే ఫోల్డర్ ఒకటే. పురుగు అందులోనుంచి పాక్కుంటూ అక్కడికీ చేరింది. మేస్త్రి దాన్ని తానే కనిపెట్టి, ఎలుక దొరికిన పిల్లిలా పొంగిపోయాడు. దాన్నీ అలాగే కడిగారు. మెయిల్ పాస్‌వర్డును జబ్బు తగలని భార్య ఫోన్‌లోంచి మార్చారు. భార్య డాక్టర్లకు వరసగా ఫోన్లు చేసి, ఆ ఫోటో తెరవొద్దని, తెరిచి ఉంటే తీగ పీకెయ్యమని చెప్పింది. సగంమంది తేలుకుట్టిన దొంగల్లా నోరు మెదపలేదు. అంటే వాళ్ళు తెరిచారన్నమాట.

"ఇక యాంటీవైరస్ నోరు నొక్కకు బావా. స్కాన్లు వచ్చే చోటు ఒక్కటీ వదిలెయ్యమని దానికి చెప్పా. మిగతా ఇల్లంతా కాపలా కాస్తుంది."

మేస్త్రి బుర్ర ఇంకోచోట ఉంది. "ఒరే, నాకో సంగతి తేలడం లేదు. ఇంతమందిలో ఎవరికి పంపాలో దానికెలా తెలుస్తుంది?"

"మిషన్‌లో అడ్రసుల పుస్తకం ఉంటుంది కదా. నువ్వు ఎవరెవరివి దాచుకున్నావో వాళ్ళకి. ఈ జాతి పురుగు ఆ పుస్తకం ఒక్కటే చదువుతుంది. తెలిసినవాడి దగ్గర్నుంచి వస్తేనే కదా జనం తెరిచేది."

"అయితే అక్క మిషన్‌లో నా అడ్రస్ ఉందన్నమాట."

"ఉండబట్టే కదా వచ్చింది."

"ఉండకూడదురా" అన్నాడు మేస్త్రి. "పాత అడ్రస్ మా ఇద్దరి పేరు మీదా ఉండేది. అక్క వెళ్ళిపోయాక అది వదిలేసి కొత్తది తీసుకున్నా. ఇది అక్కకు నేనివ్వలేదు."

బావమరిది ఆ మెయిల్ పూర్తి వివరాలు తెరిచాడు. మామూలుగా కనపడని వరుసలు గొలుసులా దిగాయి. ఒకచోట వేలు ఆపి, "ఇదిగో, ఎవరికి అన్నచోట" అన్నాడు. "అడ్రస్ నీదే. పక్కన పేరు నీది కాదు. దాచుకున్నవాళ్ళు ఏ పేరుతో దాచుకుంటే పురుగు ఆ పేరే మోసుకొస్తుంది. బావా, ఈ పాలపన్ను ఎవరు?"

మేస్త్రి భూతద్దం తీసి ఆ పేరు మీద పెట్టాడు. చిన్నప్పుడు ఆయనకు ఒక పాలపన్ను ఎంతకీ ఊడలేదు. తోటివాళ్ళందరికీ గట్టిపళ్ళు వచ్చేసినా అది మొండిగా అలాగే ఉండిపోయింది. అక్క పెట్టిన పేరది. బయటివాళ్ళ ముందు ఎప్పుడూ అనేది కాదు, ఇద్దరే ఉన్నప్పుడు అనేది. ఇన్నేళ్ళు కాపురం చేసిన భార్యకు కూడా తెలియదు.

"నీ సరంజామా సర్దు" అన్నాడు లేచి చొక్కా వేసుకుంటూ. "వంతెన అవతల ఇంకో మిషన్ ఉంది."

అక్క దుకాణం చిన్నదే. కిటికీ మాత్రం పెద్దది. వెలుతురు దగ్గర ఆమె ఏనాడూ రాజీపడలేదు. వీళ్ళు వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర నిలబడి, పట్టకారుతో ఒక పన్నును ఎత్తి చూస్తోంది. జుట్టు నెరిసింది. తమ్ముణ్ణి చూసి ఆ పన్నును దించలేదు.

"దారి తప్పావా?" అంది.

"వదినా, ఇవన్నీ తర్వాత" అన్నాడు బావమరిది, చొరవగా లోపలికి పోతూ. "మీ కంప్యూటర్‌కు పురుగు పట్టింది. ముందు తీగ పీకాలి, ఎక్కడుంది?"

"లోపలి గదిలో. నాకూ పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. ఎవరో డాక్టర్ పంపిన రంగు ఫోటో అనుకుని తెరిచా" అని, అతను లోపలికి వెళ్ళాక తమ్ముడితో, "నీకు నేనేం పంపలేదు" అంది.

"తెలుసక్కా. పురుగు పంపింది."

"తెలిస్తే మరి ఎందుకొచ్చినట్టు? ఆ పని చెయ్యడానికి మనిషిని తెచ్చావు కదా."

"దానికి నా అడ్రస్ ఎవరిచ్చారో కనుక్కుందామని."

అక్క చూపు పన్ను మీదికి పోయింది. "నాకేం తెలుసు? ఆ మిషన్ ఏవేవో దానంతటదే ఎక్కించుకుంటూ ఉంటుంది."

"పాలపన్ను అని కూడా అదే రాసుకుందా?"

అక్క పట్టకారు బల్ల మీద పెట్టింది. పెట్టి, చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "పెద్ద డాక్టర్ దగ్గర అడిగి తీసుకున్నా" అంది చివరికి. "ఎప్పుడైనా రాద్దామని. ఏం రాయాలో తోచలేదు." అంతలో ఆమెకు వేరే ఏదో తట్టింది. తమ్ముడికి ఉన్న జబ్బు అక్కకు లేకుండా ఎలా ఉంటుంది? "అవునూ, నీ మిషన్ నుంచి కూడా అందరికీ వెళ్ళాయటగా? ఫోన్ చేసిన ప్రతి డాక్టరూ, నా పేరుతోనూ వచ్చింది, నీ పేరుతోనూ వచ్చిందన్నాడు. నాకు రాలేదేం?"

పురుగు ఎక్కడ ఏం చదువుతుందో బావమరిది చెప్పినప్పుడు అదంతా మేస్త్రికి ఎంత బాగా అర్థమైంది! ఈ ఒక్క ప్రశ్న తనకు ఎందుకు తట్టలేదు? వెతకడమంతా అక్క పుస్తకంలో తను ఉన్నాడా అనే. తన పుస్తకం సంగతి గుర్తే రాలేదు.

"తీసేశానక్కా" అన్నాడు. "నువ్వు వెళ్ళిన రోజే. కోపంలో."

"కోపం ఇన్నేళ్ళుంటుందా?"

"కోపం ఎప్పుడో పోయింది. ఆ పన్ను నీకు చెప్పకుండా పంపినందుకు సిగ్గు, అది పోలేదు. సిగ్గుతోనే నీ పేరు మళ్ళీ రాసుకోలేకపోయా."

లోపలి గదిలో బావమరిది కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. అక్క కిటికీ వైపు తిరిగి, పట్టకారుతో పన్నును మళ్ళీ పట్టుకుని, తమ్ముడి వైపు చాపింది.

"వెలుతురు పోతోంది. ఇలా వచ్చి చూసి చెప్పు."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కిటికీలోకి వంగి, బల్ల మీదున్న పేషెంటు ఫోటో పక్కన పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఊరికే పొగిడితే అక్కకు తెలిసిపోతుంది.

"బాగుందక్కా. కాకపోతే తెలుపు కాస్త ఎక్కువైంది. చిగుళ్ళ దగ్గర ఇంకొంచెం పసుపు పడాలి."

అక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందిరా నీకు" అంది.

"వదినా, దొరికింది!" అని లోపలి నుంచి కేక వేశాడు బావమరిది. "మొత్తం తుడిచేస్తున్నా!"

"తుడువు బాబూ" అంది అక్క. "అడ్రసుల జోలికి మాత్రం పోకు."